గళ్ళ కాగితం మీద ప్రాణం: జాన్ వాన్ న్యూమన్

జాన్ వాన్ న్యూమన్ పుట్టినప్పుడు జాన్ కాదు. హంగేరీ వాళ్ళు మనలాగే ఇంటిపేరు ముందు చెప్పి, తర్వాత సొంత పేరు చెప్తారు. ఆ లెక్కన ఆయన నోయ్‌మన్ యానోష్. 1903 డిసెంబరు 28న బుడాపెస్ట్‌లో పుట్టాడు. అమెరికా వెళ్ళాక పేరు తిరగబడింది. యానోష్ జాన్ అయ్యాడు, స్నేహితులకు జానీ అయ్యాడు. మధ్యలో ఉన్న వాన్ కూడా పుట్టుకతో వచ్చింది కాదు. తండ్రి మిక్సా బ్యాంకులో పెద్ద ఉద్యోగి. 1913లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆ కుటుంబానికి ఇచ్చిన బిరుదు అది. మన దగ్గర రావుబహదూర్ ఇచ్చినట్టు అనుకోండి.

ఈయన లెక్కల మనిషి, తెలుగు గోడ మీద ఈయనకేం పని అని ఇప్పటికే ఇద్దరు అడిగారు. పనుంది. తాళపత్రాల మాట వచ్చేదాకా ఓపిక పట్టండి. మన హడగలిలో 1920లో పుట్టిన తెలుగువాడు సి.ఆర్. రావుగారు ఉండగా హంగేరీ దాకా ఎందుకు పోయావు అని కూడా అన్నారు. రావుగారు పోయింది 2023లోనే. ఈ శీర్షికేమో ఎప్పుడో పోయినవాళ్ళకు. (హడగలి ఇప్పుడు విజయనగర జిల్లా, అది వేరే సంగతి.) ఆయన మీద ఎవరైనా పూనుకుని రాస్తే మొదట చదివేది నేనే.

న్యూమన్ ఇంట్లో భాషలు చాలా. హంగేరియన్, జర్మన్ రెండూ ఇంటి భాషలే. వాటికి తోడు ఫ్రెంచి, ఇంగ్లీషు నేర్పడానికి మనుషులను పెట్టారు. ఆరేళ్ళకే తండ్రితో ప్రాచీన గ్రీకులో జోకులు వేసేవాడని, ఎనిమిదంకెల సంఖ్యను ఇంకో ఎనిమిదంకెల సంఖ్యతో నోటిలెక్కగా భాగించేవాడని చెప్తారు. ఇట్లాంటివి సగం నమ్మాలి, సగం వదిలెయ్యాలి. నాకు గ్రీకు కంటే ఆ రెండు ఇంటి భాషల సంగతే నచ్చింది. అమ్మతో తెలుగు, నాన్నతో కన్నడం మాట్లాడే నాలాంటి వాళ్ళకు ఒకే వస్తువుకు రెండు పేర్లుంటాయని ఊహ తెలిసినప్పుడే తెలుస్తుంది. పేరు వేరు, వస్తువు వేరు అన్న తెలివిడి దాంతో వస్తుంది. ఈయన చివరి రోజుల్లో చేసిన పనంతా ఆ తెలివిడి మీదే నడిచిందని నా ఊహ.

స్కూల్లో లాస్లో రాట్స్ అనే లెక్కల మాస్టారు పిల్లాడి సంగతి పసిగట్టి, విడిగా పాఠాలు చెప్పించమని తండ్రికి చెప్పాడు. అట్లా చెప్పడానికి వచ్చిన గాబోర్ సెగో మొదటి రోజు ఇంటికి తిరిగొచ్చేసరికి కళ్ళనిండా నీళ్ళున్నాయని ఆయన భార్య తర్వాత గుర్తు చేసుకుంది. అదే స్కూల్లో ఒక ఏడాది పైన చదివిన యూజీన్ విగ్నర్‌కు 1963లో నోబెల్ వచ్చింది. ఒక్క బడి నుంచి ఇద్దరు!

తండ్రికి మాత్రం లెక్కలు అన్నం పెట్టవని భయం. (బి.ఎ.లో తెలుగు తీసుకుంటామన్నప్పుడు మనలో ఎంతమంది ఇంట్లో ఈ మాట విన్నామో చేతులెత్తండి.) అందుకని రాజీ కుదిరింది. జ్యూరిక్‌లో కెమికల్ ఇంజనీరింగ్, బుడాపెస్ట్‌లో గణితంలో డాక్టరేటు, రెండూ ఒకేసారి. 1926లో రెండూ చేతికొచ్చాయి. అప్పటికి 22 ఏళ్ళు. యూదుల ఇంట్లో పుట్టినవాడు. హంగేరీలో 1920 నుంచే యూనివర్సిటీల్లో యూదుల సీట్లకు కోత పెట్టే చట్టం ఉంది. కాబట్టి బుడాపెస్ట్ దాటి బెర్లిన్, గొట్టింగెన్ చేరాడు. 1928లో ఆటల మీద ఒక సిద్ధాంతం: ఇద్దరాడే ఆటలో ఒకరి గెలుపు ఇంకొకరి ఓటమి అయినప్పుడు, నష్టం తగ్గించుకునే మంచి ఎత్తు ఇద్దరికీ ఉంటుందని నిరూపించాడు. 1932లో క్వాంటం మెకానిక్స్‌కు గణితపు పునాది కట్టిన పుస్తకం. ఈ రెండింటి గురించి నేను ఇంతకు మించి చెప్పలేను, అర్థమైనంతే చెప్తున్నా. 1930లో ప్రిన్స్‌టన్‌కు పిలుపొచ్చింది. 1933లో అక్కడే కొత్తగా తెరిచిన ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో ఐన్‌స్టైన్‌తో పాటు మొదటి ప్రొఫెసర్లలో ఒకడయ్యాడు. అందరికంటే చిన్నవాడు.

మనిషి సరదా మనిషి. ఎప్పుడూ కోటూ టైతోనే ఉండేవాడు. ఇంట్లో పార్టీలంటే ఇష్టం. గోల మధ్యనే లెక్కలు బాగా సాగేవి. కారు మాత్రం భయంకరంగా నడిపేవాడు. ఆయన మీద ఒక ఈగ కథ ఉంది. 20 మైళ్ళ దూరం నుంచి ఇద్దరు సైకిలు మీద ఎదురెదురుగా గంటకు 10 మైళ్ళ చొప్పున వస్తున్నారు. ఒక ఈగ గంటకు 15 మైళ్ళ వేగంతో ఈ సైకిలు నుంచి ఆ సైకిలుకు, అక్కడి నుంచి ఇక్కడికి ఎగురుతూనే ఉంటుంది. ఇద్దరూ కలిసేలోపు ఈగ ఎంత దూరం పోయింది? గంటలో కలుస్తారు కాబట్టి 15 మైళ్ళు. తెలివైన దారి అది. ఈయనను అడిగితే వెంటనే 15 అన్నాడట. కిటుకు ముందే తెలుసా అంటే, కిటుకేంటి, ఈగ వేసిన ఒక్కో చక్కర్ కలుపుతూ పోయానన్నాడట. అనంతంగా సాగే ఆ కూడిక రెప్పపాటులో చేశాడన్నమాట.

ఇక్కడి నుంచి కథ నల్లబడుతుంది. 1943లో లాస్ అలమోస్‌లో అణుబాంబు పనికి సలహాదారుగా వెళ్ళాడు. ప్లుటోనియం గోళాన్ని అన్ని వైపుల నుంచీ ఒకేసారి లోపలికి నొక్కాలి, ఎక్కడ కాస్త తేడా వచ్చినా పేలదు. ఆ నొక్కుడు లెక్కలో ఈయన చెయ్యి పెద్దది. నాగసాకి మీద పడిన బాంబు ఆ రకందే. బాంబు ఎక్కడ వెయ్యాలో చూసే కమిటీలోనూ కూర్చున్నాడు. ఆ జాబితాలో క్యోటో నగరం కూడా ఉండేది. యుద్ధమంత్రి స్టిమ్సన్ దాన్ని కొట్టేయించాడు. యుద్ధం అయిపోయాక కూడా రష్యా మీద ముందే దాడి చెయ్యడం మేలని బాహాటంగా అన్నవాళ్ళలో ఈయనొకడు. దేశం, బంధువులు, భాష అన్నీ హిట్లర్ వల్ల చెదిరిపోయిన మనిషి భయం అది అని కొందరు సర్దిచెప్తారు. భయం నాకు అర్థమవుతుంది. ఊళ్ళ పేర్ల జాబితా ముందు కూర్చోవడం అర్థం కాదు. ఈ వ్యాసం కోసం చదివినన్ని రోజులూ ఈయన మీద నాకు ఒక రోజు భక్తి, ఒక రోజు కోపం. రెండూ ఉండనిచ్చాను.

యుద్ధంలోనే కంప్యూటరు పరిచయమైంది. 1945లో ఎడ్వాక్ అనే యంత్రం గురించి 101 పేజీల రిపోర్టు రాశాడు. లెక్కలూ, ఆ లెక్కలు ఎట్లా చెయ్యాలన్న ఆదేశాలూ రెండూ ఒకే మెమరీలో ఉంచాలన్నది అందులోని అసలు విషయం. ఈరోజు మన చేతిలోని ఫోను కూడా అట్లాగే నడుస్తుంది. అయితే ఆ ఆలోచన ఆయనొక్కడిది కాదు. ఎకర్ట్, మాక్లీ అనే ఇంజనీర్లు, వాళ్ళ బృందం కలిసి మాట్లాడుకున్నది. రిపోర్టు మీద మాత్రం ఒక్క పేరే ఉంది. ఆ ఇద్దరూ ఆ బాధ మర్చిపోలేదు. తర్వాత ప్రిన్స్‌టన్‌లో సొంతంగా ఒక యంత్రం కట్టించాడు. దాని మెమరీ మొత్తం 5 కిలోబైట్లు; మనం పంపుకునే గుడ్ మార్నింగ్ బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు. దాని నమూనాలను దాచకుండా అందరికీ పంచారు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో తయారైన టిఫ్రాక్ కూడా ఆ వంశంలోదే.

ఆయన పక్కన ఉండి, పేరు పెద్దగా బయటికి రాని మనిషి ఇంకొకరున్నారు. రెండో భార్య క్లారా. మొదటి భార్య మారియెట్‌తో మెరీనా అనే కూతురు పుట్టాక విడిపోయారు. 1938లో బుడాపెస్ట్ వెళ్ళి క్లారాను పెళ్ళి చేసుకున్నాడు. క్లారా చిన్నప్పుడు ఐస్ స్కేటింగులో ఛాంపియన్. లెక్కల డిగ్రీ లేదు. అయినా ఎనియాక్ అనే గది నిండే యంత్రానికి ప్రోగ్రాము రాయడం నేర్చుకుంది. 1948లో మాంటే కార్లో పద్ధతి లెక్కలను ఆ యంత్రం మీద నడిపింది. పాచికలు వేసినట్టు యాదృచ్ఛికంగా అంకెలు తీసి, వేల సార్లు ఆడించి, జవాబు రాబట్టే పద్ధతి అది. వేరేవాళ్ళకు ప్రోగ్రాము రాయడం నేర్పింది కూడా. 1950లో కంప్యూటరుతో మొట్టమొదటి వాతావరణ అంచనా వేసినప్పుడు ఆ కోడు సరిచూసిన వాళ్ళలో ఆమె ఉంది. మ్యాపు మీద గళ్ళు గీసి, ఒక్కో బిందువు దగ్గర ఒత్తిడి ఎంతో రాసుకుని, పక్క బిందువులను చూసి కొద్దిసేపటికి అది ఎంతవుతుందో లెక్కగట్టారు. 24 గంటల అంచనాకు దాదాపు 24 గంటలు పట్టింది! వానమబ్బు కోసం ఆకాశం కేసి చూసే మన జిల్లాలో ఆ పేరు తెలిసి ఉండాల్సింది. ఎనియాక్‌కు మొదట ప్రోగ్రాము రాసిన ఆరుగురూ ఆడపిల్లలే అన్నది కూడా పనిలో పనిగా రాసిపెడుతున్నా.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. యంత్రం ఇంకో యంత్రాన్ని తయారు చేస్తుంది, అది మనకు తెలుసు. కానీ తయారయ్యేది ఎప్పుడూ తయారు చేసేదానికంటే చిన్నదిగా, సులువుగా ఉంటుంది. ప్రాణం ఉన్నవి అట్లా కాదు. ఆవు ఆవునే కంటుంది. ఒక్కోసారి పిల్ల తల్లిని మించుతుంది కూడా. యంత్రం తనలాంటి ఇంకో యంత్రాన్ని కనగలదా అని న్యూమన్ 1948లో కాలిఫోర్నియాలో జరిగిన ఒక సదస్సులో అడిగాడు. మొదట ఆయన ఊహించినది విడిభాగాలు తేలే చెరువులో ఈదే రోబో. ఆ భాగాలను ఏరుకుని తనలాంటిదే బిగిస్తుంది. చెప్పడానికి బాగుంది కానీ లెక్కకు లొంగదు. ఏ భాగం ఎట్లా పట్టుకోవాలి, ఎట్లా అతకాలి అనే గొడవే తెమలదు. అప్పుడు పోలెండు నుంచి వచ్చిన స్నేహితుడు స్టానిస్లా ఉలామ్ ఒక దారి చూపించాడు. స్ఫటికాలు పెరిగే తీరును గళ్ళ మీద పెట్టి ఆలోచిస్తున్నవాడు ఆయన. చెరువు వదిలెయ్, గళ్ళ కాగితం తీసుకో అన్నది ఆ సలహా సారం.

దీన్నే సెల్యులార్ ఆటోమేటన్ అంటారు. మనకు ముగ్గు తెలుసు కాబట్టి ఇది తేలిక. ముగ్గులో చుక్కలున్నట్టు ఇక్కడ గళ్ళు. ప్రతి గడికీ ఒక స్థితి ఉంటుంది. గడియారం ఒక్కసారి టిక్కుమన్నప్పుడల్లా ప్రతి గడీ తన పైన, కింద, ఎడమ, కుడి ఉన్న నాలుగు గళ్ళను చూసుకుని, ఒకే నియమం ప్రకారం తన స్థితి మార్చుకుంటుంది. ఆ నాలుగిళ్ళ ఇరుగుపొరుగుకు ఇప్పటికీ ఆయన పేరే. ముగ్గుతో తేడా ఒక్కటే. ముగ్గులో మొత్తం బొమ్మ అమ్మ మనసులో ముందే ఉంటుంది, చెయ్యి దాన్ని గీస్తుంది. ఇక్కడ మొత్తం బొమ్మ ఎవరి మనసులోనూ లేదు. ఏ గడికీ పక్కింటిని దాటి ఏమీ తెలీదు. అయినా మొత్తం మీద ఒక రూపం లేచి నిలబడుతుంది.

న్యూమన్ ఒక్కో గడికి 29 స్థితులు పెట్టాడు. ఒకటి ఖాళీ, కొన్ని తీగల్లాగా సంకేతాన్ని మోసేవి, కొన్ని కూడలి లాంటివి, కొన్ని ఇంకా ఏదవ్వాలో తేలక పుట్టే దశలో ఉన్నవి. వీటితో దాదాపు 2 లక్షల గళ్ళ యంత్రాన్ని ఊహించాడు. కంప్యూటరు తెర మీద కాదు, కాగితం మీద, తల్లో. ఆ యంత్రం ఒక చెయ్యి చాపి, ఖాళీ గళ్ళలో తన బిడ్డను గడి గడిగా కడుతుంది.

చిక్కు ఇక్కడే. బిడ్డను కట్టాలంటే తన వర్ణన తన దగ్గర ఉండాలి. ఆ వర్ణనలో అన్నీ ఉండాలంటే వర్ణన కూడా ఉండాలి. అందులో ఇంకో వర్ణన. మన ఈ గోడపత్రిక మీద ఉన్నదంతా వివరిస్తూ ఇదే గోడ మీద ఒక వ్యాసం పెట్టారనుకోండి. ఆ వ్యాసం తనను తాను కూడా వివరించాలి, ఆ వివరణనూ వివరించాలి, గోడ చాలదు. న్యూమన్ దీన్ని విప్పిన తీరు చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. వర్ణన ఒక పొడుగాటి పట్టీ మీద ఉంటుంది. యంత్రం దాన్ని రెండు సార్లు, రెండు రకాలుగా వాడుతుంది. మొదటిసారి చదివి, అర్థం చేసుకుని, చెప్పినట్టు బిడ్డను కడుతుంది. రెండోసారి అర్థంతో పని లేకుండా, అక్షరం వెంట అక్షరం నకలు దించి బిడ్డ చేతికిస్తుంది. అంతే. వర్ణనలో వర్ణన అక్కర్లేదు.

తాళపత్రాలు ఇప్పుడొచ్చాయి. ఒక కావ్యం మన దాకా ఎట్లా వచ్చింది? చదివి అర్థం చేసుకుని ఆనందించి, దాని మీద వ్యాఖ్యానం రాసినవాళ్ళు కొందరు. అర్థం తెలిసినా తెలియకపోయినా గంటంతో ఆకు చూసి ఆకు మీద దించిన రాయసగాళ్ళు కొందరు. రెండో రకం వాళ్ళు లేకపోతే మొదటి రకం వాళ్ళకు చదవడానికి ఏమీ ఉండేది కాదు. రాయసగాడి చెయ్యి జారి ఒక అక్షరం మారితే, ఆ ప్రతి నుంచి తీసిన ప్రతులన్నిట్లోకీ ఆ మార్పు పోతుంది. అవే మనం క్లాసులో తన్నుకునే పాఠభేదాలు. న్యూమన్ యంత్రంలోనూ ఇదే. పట్టీ మీద ఒక గుర్తు మారితే బిడ్డ మారుతుంది, మనవడూ మారతాడు. చాలా మార్పులు ప్రాణం తీసేవే. ఎప్పుడో ఒకటి పనికొస్తుంది. పిల్ల తల్లిని మించే దారి కూడా అందులోంచే దొరుకుతుంది.

ఆయన ఈ ఉపన్యాసాలు ప్రిన్స్‌టన్‌లో 1953లో చెప్పాడు. అదే సంవత్సరం వాట్సన్, క్రిక్ డీఎన్ఏ నిర్మాణం కనుక్కున్నారు. కణంలో జరిగేదీ ఇదేనని తర్వాత తేలింది. డీఎన్ఏను ఒకసారి చదివి ప్రోటీన్లు కడుతుంది, ఒకసారి ఊరికే నకలు తీస్తుంది. న్యూమన్ జీవం జోలికి పోకుండా తర్కంతోనే అక్కడికి ముందు చేరాడు. అదే 1953లో ఇంకో చోట మ్యాపు మీద గీతలు గీసి మన బళ్ళారిని మైసూరులో, ఆలూరు, ఆదోని, రాయదుర్గాలను ఆంధ్రలో పెట్టారు. దీనికీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ సంవత్సరం అంకె కనిపిస్తే బళ్ళారి వాళ్ళ కన్ను ఆగుతుంది, అంతే. ఆ ఏడాదే నిల్స్ బారిచెల్లి అనే ఆయన ప్రిన్స్‌టన్ యంత్రంలో అంకెలను జీవుల్లాగా వదిలి, అవి నకళ్ళు తీసుకుంటూ, కలబడుతూ, కలుస్తూ ఏమవుతాయో చూశాడు. పగలు లెక్కలు, రాత్రి ఈ ప్రయోగాలు. పగటి లెక్కల్లో హైడ్రోజన్ బాంబువీ ఉన్నాయి. చంపే లెక్కా పుట్టించే లెక్కా ఆ 5 కిలోబైట్లలోనే నడిచాయి.

ఆ యంత్రపు పని పూర్తిగా రాయడానికి న్యూమన్‌కు తీరిక దొరకలేదు. 1955లో అమెరికా అణుశక్తి కమిషన్ సభ్యుడయ్యాడు. ఆ ఏడాదే భుజం నొప్పి మొదలైంది. క్యాన్సరు, ఎముకల దాకా పాకింది. 1956లో చక్రాల కుర్చీలో వెళ్ళి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చేతుల మీదుగా పతకం అందుకున్నాడు. వాషింగ్టన్ మిలిటరీ ఆసుపత్రిలో పడుకున్నప్పుడు, మందుల మత్తులో రహస్యాలు బయటపెడతాడేమోనని నమ్మకమైన మనుషులనే చుట్టూ ఉంచారు. తల్లో లక్షల గళ్ళు మోసినవాడికి చివర్లో చిన్న చిన్న కూడికలు కూడా జారిపోయాయని, చావు కంటే దానికే ఎక్కువ భయపడ్డాడని దగ్గరివాళ్ళు రాశారు. దేవుడి ఊసు పెద్దగా లేని మనిషి పాదిరీని పిలిపించుకున్నాడు. 1957 ఫిబ్రవరి 8న పోయాడు. 53 ఏళ్ళు.

మెదడునూ కంప్యూటరునూ పోల్చి చూస్తూ రాస్తున్న పుస్తకం సగంలో ఆగింది. దానికి ముందుమాట క్లారా రాసింది, 1958లో అచ్చయింది. 1963లో ఆమె కాలిఫోర్నియా సముద్రతీరంలో మునిగి పోయింది. తన జీవితం గురించి రాసుకుంటున్నదీ పూర్తి కాలేదు. గళ్ళ యంత్రం కాగితాలను ఆర్థర్ బర్క్స్ ముందేసుకుని, ఖాళీలు పూరించి 1966లో పుస్తకంగా తెచ్చాడు. అచ్చం మన పరిష్కర్తల పనే.

1970లో ఇంగ్లండులో జాన్ కాన్వే 29 స్థితులను రెండుకు తగ్గించి ఆటగా మార్చాడు. బతికిన గడి, చచ్చిన గడి, అంతే. ఇరుగుపొరుగు మాత్రం మూలలతో కలిపి ఎనిమిది. బతికిన గడికి రెండు గానీ మూడు గానీ బతికిన పొరుగులుంటే అది బతుకుతుంది. లేకపోతే ఒంటరితనంతోనో ఇరుకుతోనో చస్తుంది. చచ్చిన గడికి సరిగ్గా మూడు ఉంటే పుడుతుంది. కంప్యూటరు ఉన్నవాళ్ళు గోలీ అనే ఉచిత ప్రోగ్రాములో మౌసుతో గళ్ళు నొక్కి, నడిపి, ఆపి, మళ్ళీ మార్చి చూడొచ్చు. లేనివాళ్ళకు లెక్కల నోటుబుక్కు చాలు. మొదటి వరసలో నడిమి గడి, రెండో వరసలో కుడి గడి, మూడో వరసలో మూడు గళ్ళూ నింపండి. నాలుగు అడుగులు లెక్కపెడితే ఆ బొమ్మే ఒక గడి కిందికి, ఒక గడి కుడికి జరిగి కనిపిస్తుంది. జరగమని నియమంలో ఎక్కడా లేదు.

న్యూమన్ కాగితం మీద వదిలేసిన తల్లి యంత్రం, నియమాల్లో కొద్ది మార్పులతో, 1995లో నోబిలి, పెసవెంటో అనే ఇద్దరి చేతుల్లో కంప్యూటరు మీద మొదటిసారి నడిచింది. ఆయన పోయిన 38 ఏళ్ళకు చెయ్యి చాపి, పక్క గళ్ళలో బిడ్డను కట్టి, పట్టీ నకలు దించి ఇచ్చింది.